యంత్రం చేత లెక్క చెప్పించిన జేమ్స్ వాట్

జేమ్స్ వాట్ పేరు తెలియని విద్యార్థి వుండడు. ఏ హైస్కూలు పిల్లవాణ్ణి అడిగినా సరే, పొయ్యి మీద కెటిల్, ఆవిరికి ఎగిరెగిరి పడే మూత, దాన్ని రెప్పవాల్చకుండా చూస్తూ కూర్చున్న కుర్రవాడు అని గడగడ అప్పజెప్పేస్తాడు. ఆ కుర్రవాడే పెద్దయి ఆవిరి యంత్రాన్ని కనిపెట్టాడని ముగిస్తాడు. కెటిల్ సంగతి ఎలా వున్నా, ఆవిరి యంత్రాన్ని కనిపెట్టింది మాత్రం వాట్ కాదు. ఆయన పుట్టడానికి 24 సంవత్సరాల ముందే, 1712లో, థామస్ న్యూకొమెన్ అనే ఇనుప సామాన్ల వర్తకుడు ఇంగ్లండులో డడ్లీ అనే ఊరి దగ్గర బొగ్గు గనిలో నీళ్ళు తోడే ఆవిరి యంత్రాన్ని నిలబెట్టి ఆడించాడు.

మరి వాట్ గొప్పతనం ఎక్కడున్నది? ఆ యంత్రం తినే బొగ్గును సగానికి పైగా తగ్గించాడు. ఇది పాఠ్యపుస్తకాలలో వున్న సంగతే. అయితే ఆయన చేసిన మరొక పని వుంది. దాన్ని పుస్తకాల వాళ్ళు ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టేస్తారు. యంత్రం లోపల ఏం జరుగుతున్నదో బయట నిలబడిన మనిషికి అది తానే చూపించేటట్టు, ఎంత పని చేసిందో తానే లెక్క చెప్పేటట్టు, తన వేగాన్ని తానే అదుపులో పెట్టుకునేటట్టు వాట్ ఏర్పాటు చేశాడు. ఈనాడు ఏ థర్మల్ విద్యుత్ కేంద్రంలోకి వెళ్ళినా, ఏ చక్కెర ఫ్యాక్టరీలోకి వెళ్ళినా, ఒక గదినిండా ముళ్ళు, అంకెలు, ఎర్ర దీపాలు, పచ్చ దీపాలు, కంప్యూటరు తెరలు కనిపిస్తాయి. పీడనం ఇంత, వేడి ఇంత, నీటిమట్టం ఇంత అని అవి క్షణక్షణం చెబుతూనే వుంటాయి. ఈ వ్యవహారమంతా నీటి గడియారాలకు ఇంపైన పనిముట్లుగా ఎప్పుడో మొదలైనదే గాని, కార్ఖానా యంత్రం మీదికి ఒక పద్ధతి ప్రకారం ఎక్కించిన వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు వాట్‌దే. అందుకని ఈ వ్యాసంలో ఆయన జీవితాన్ని ఆ వైపునుంచే చెప్పదలిచాను.

వాట్ 1736 జనవరి 19న స్కాట్లాండులో క్లైడ్ నది ఒడ్డున వున్న గ్రీనాక్ రేవులో పుట్టాడు. తాత లెక్కలు చెప్పే పంతులు. తండ్రి ఓడలు కట్టించేవాడు, ఓడలకు కావలసిన సామాను అమ్మేవాడు, దిక్సూచి వంటి పరికరాలు బాగు చేసేవాడు. పిల్లవాడు చాలా బలహీనుడు. విడవని తలనొప్పి. బడికి సరిగ్గా పోలేక చాలాకాలం తల్లి దగ్గరే చదువుకున్నాడు. తండ్రి పనిచేసే చోట ఒక మూల చిన్న బల్ల వేసి, చిన్న చిన్న పనిముట్లు ఇచ్చి కూర్చోబెట్టారు. ఓడ సామానుకు నమూనాలు చేయడం అక్కడే అలవాటైంది. తరగతిలో వెనక బెంచీలో కూర్చుని నోరు మెదపని పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఆ బల్ల గుర్తుకొస్తుంది.

తల్లి పోయింది, తండ్రి వ్యాపారం దెబ్బతిన్నది. కుర్రవాడు సంపాదించుకోక తప్పలేదు. కొలతల పరికరాలు తయారు చేసే పని నేర్చుకోవాలని 1755లో లండన్ వెళ్ళాడు. ఆ వృత్తిలో ఏడేళ్ళు శిష్యరికం చేయాలన్నది అక్కడి కట్టుబాటు. వాట్ దగ్గర అంత వ్యవధీ లేదు, అంత డబ్బూ లేదు. కార్న్‌హిల్‌లో జాన్ మోర్గన్ అనే పనివాడు 20 గినీలు తీసుకుని ఒక్క సంవత్సరంలో నేర్పడానికి ఒప్పుకున్నాడు. వాట్ పొద్దు పొడిచింది మొదలు రాత్రి దాకా పనిచేశాడు. బయట తిరిగితే బలవంతంగా నౌకాదళంలోకి పట్టుకుపోయే ముఠాల భయం. కట్టుబాటు ప్రకారం శిష్యరికం చేయనివాడు కనుక పట్టుబడితే విడిపించే దిక్కు కూడా లేదు. మొత్తానికి ఏడాది తిరిగేసరికి ఇత్తడి మీద సన్నని గీతలు చెక్కి కొలబద్దలు, కోణమానులు చేయడం వచ్చేసింది, ఆరోగ్యం మాత్రం పాడయింది.

1756లో తిరిగి వచ్చి గ్లాస్గోలో దుకాణం పెడదామంటే కష్టమైపోయింది. ఊళ్ళో సుత్తి పనివాళ్ళ సంఘం వుంది. ఏడేళ్ళు నిండని వాడు తమలో చేరడానికి వీల్లేదన్నారు. అప్పుడు గ్లాస్గో విశ్వవిద్యాలయం ఆదుకున్నది. జమైకా నుంచి ఒక దాత పంపిన ఖగోళ పరికరాలు సముద్రపు గాలికి తుప్పుపట్టి వచ్చాయి. వాటిని వాట్ శుభ్రం చేసి పెట్టాడు. పని నచ్చి 1757లో విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఒక గది ఇచ్చారు. ఊరి సంఘం అధికారం ఆ గోడ లోపల చెల్లదు కదా!

ఇక్కడొక మాట గమనించాలి. వాట్ మొదట ఇంజనీరు కాడు, కొలిచే పరికరాలు చేసేవాడు. కనుక ఏ సమస్య వచ్చినా ముందు కొలిచేవాడు. తరువాత ఆయన చేసిన పనులన్నిటికీ ఈ అలవాటే పునాది.

1763లో విశ్వవిద్యాలయం వారి న్యూకొమెన్ యంత్రం నమూనా ఒకటి బాగు చేయమని ఇచ్చారు. తరగతిలో పిల్లలకు చూపే చిన్న బొమ్మ యంత్రం. వాట్ బాగు చేశాడు గాని, నాలుగు ఊపులు ఊగి ఆవిరి చాలక ఆగిపోయేది. ఎందుకు? ఆ యంత్రం పనిచేసే తీరు ఇది. సిలిండరులోకి ఆవిరి వదులుతారు. ఆ తరువాత లోపలికి చన్నీళ్ళు చిమ్ముతారు. ఆవిరి నీరైపోయి లోపల శూన్యం ఏర్పడుతుంది. పైనున్న గాలి బరువు పిస్టన్‌ను కిందికి నొక్కుతుంది. పిస్టన్‌కు కట్టిన పెద్ద దూలం ఒక వైపు దిగి, రెండో వైపు పంపు కడ్డీని లేపుతుంది. మళ్ళీ ఆవిరి, మళ్ళీ చన్నీళ్ళు. వాట్ ఎంత ఆవిరి ఖర్చవుతున్నదో కొలిచి చూశాడు. సిలిండరు నిండడానికి కావలసిన దానికి అనేక రెట్లు పోతోంది! ప్రతి ఊపుకూ సిలిండరు చల్లబడుతోంది, దాన్ని మళ్ళీ వేడిచేయడానికే ఆవిరంతా హరించుకుపోతోంది. విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించే జోసెఫ్ బ్లాక్ అప్పటికే గుప్తోష్ణం సంగతి కనిపెట్టి వున్నాడు. ఆయనతో మాట్లాడిన మీదట వాట్‌కు లెక్క పూర్తిగా బోధపడింది.

జవాబు 1765 వసంతకాలంలో, ఒక ఆదివారం గ్లాస్గో పచ్చిక మైదానంలో నడుస్తుండగా తట్టిందట. ఆవిరిని సిలిండరులో చల్లార్చకూడదు. పక్కన వేరే పాత్ర పెట్టి, అందులోకి పోనిచ్చి అక్కడ చల్లార్చాలి. సిలిండరు ఎప్పుడూ వేడిగానే వుంటుంది, పాత్ర ఎప్పుడూ చల్లగానే వుంటుంది. అంతే. చెప్పుకోవడానికి ఇంతే గాని, పని జరిగే యంత్రంగా దాన్ని తయారు చేయడానికి పదకొండేళ్ళు పట్టింది. ఈ మధ్యకాలం గురించి త్వరగా చెప్పి ముందుకు పోతాను. జాన్ రోబక్ అనే కార్ఖానాదారు పెట్టుబడి పెట్టాడు, 1769లో పేటెంటు వచ్చింది, రోబక్ 1773లో దివాలా తీశాడు. వాట్ పొట్టకూటికి కాలువలు తవ్వించే సర్వే పనులు చేశాడు. అదే 1773లో భార్య మార్గరెట్ ప్రసవ సమయంలో చనిపోయింది. ఆ మరుసటి సంవత్సరం బర్మింగ్‌హాంలో సోహో కార్ఖానా యజమాని మాథ్యూ బోల్టన్ దగ్గరికి చేరాడు. రోబక్ వాటాను బోల్టన్ తీసుకున్నాడు. 1775లో పార్లమెంటు చట్టం చేసి పేటెంటు గడువును 1800 దాకా పొడిగించింది. జాన్ విల్కిన్సన్ ఫిరంగులు తొలిచే కొత్త మరతో సిలిండర్లను సరిగ్గా గుండ్రంగా తొలిచి ఇచ్చాడు. 1776లో మొదటి పెద్ద యంత్రాలు కదిలాయి.

అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది.

ఇంగ్లండుకు నైరుతి కొసన కార్న్‌వాల్ అనే ప్రాంతం వున్నది. తగరం, రాగి గనులు. లోతుకు పోయే కొద్దీ నీరు. నీరు తోడకపోతే గని మూతబడుతుంది, వందల కుటుంబాలు వీధిన పడతాయి. నీరు తోడాలంటే బొగ్గు కావాలి. ఆ నేలలో బొగ్గు లేదు, వేల్స్ నుంచి ఓడల మీద రావాలి. గని రాబడి చాలా భాగం పొయ్యిలోకే పోయేది. ఇలాంటి చోట బొగ్గు మిగిల్చే యంత్రం వస్తే ఎవరు వద్దంటారు? 1777 నుంచి వాట్ యంత్రాలు అక్కడికి వెళ్ళాయి.

బోల్టన్, వాట్‌ల కంపెనీ యంత్రాన్ని అమ్మి డబ్బు చేసుకోలేదు. సామాను ఖర్చు గనివారే పెట్టుకోవాలి. కంపెనీ నక్షాలు, మేస్త్రీలను, కొన్ని ముఖ్యమైన భాగాలను ఇస్తుంది. ప్రతిఫలంగా, పాత న్యూకొమెన్ యంత్రంతో పోలిస్తే ఎంత బొగ్గు మిగిలిందో లెక్కగట్టి, ఆ మిగులు వెలలో మూడవ వంతు ఏటేటా కంపెనీకి చెల్లించాలి. ఖరారునామా వినడానికి ఎంతో న్యాయంగా వుంది. లాభం కలిగితేనే వాటా, లేకపోతే లేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మిగిలిన బొగ్గు కంటికి కనిపించదు. కాలిన బొగ్గును తూకం వేయవచ్చు. కాలని బొగ్గును ఎలా తూచడం? పాత యంత్రమే వుండివుంటే ఎంత కాలేదో ఎవరు చెప్పాలి? కంపెనీ చెబితే గనివారు నమ్మరు, గనివారు చెబితే కంపెనీ నమ్మదు. ఇక యంత్రం రోజుకు ఎన్నిసార్లు ఊగిందో అక్కడ కాపలా వున్న పనివాడి నోటిమాటే ఆధారం. ఆ పనివాడికి జీతం ఇచ్చేది గని యజమాని.

వాట్ ఈ తకరారును కొలిచేవాడి బుద్ధితో విడదీశాడు. ముందు ఇరుపక్షాల ఎదుట పాత యంత్రాన్ని, కొత్త యంత్రాన్ని ఆడించి చూడాలి. ఒక్కొక్కటి ఇన్ని ఊపులకు ఇంత బొగ్గు తింటున్నదని పరీక్షలో తేలుతుంది. దాన్నిబట్టి ఒక ఊపుకు ఇంత మిగులు అని పట్టిక రాసుకోవచ్చు. ఇక మిగిలింది ఊపులు లెక్కపెట్టడమే. అందుకు ఆయన ఒక చిన్న పెట్టె చేశాడు. లోపల పళ్ళ చక్రాలు, లోలకం లాంటి ఒక బరువు. పెట్టెను యంత్రపు దూలం మీద బిగిస్తారు. దూలం ఒకసారి వంగి లేచినప్పుడల్లా ఆ బరువు ఊగి, చక్రాన్ని ఒక్క పన్ను ముందుకు తోస్తుంది. మొదటి చక్రం ఒక చుట్టు తిరిగితే రెండోది ఒక పన్ను కదులుతుంది. అలా వేలు, లక్షలు దాకా అంకెలు పేరుకుంటాయి. పెట్టెకు తాళం. కంపెనీ ఏజెంటు నియమిత కాలానికి వచ్చి అంకె చూసుకుంటాడు, కిందటిసారి అంకె తీసివేస్తాడు, పట్టికతో హెచ్చిస్తాడు. పైకం తేలిపోతుంది.

ఇది చదువుతూ వుంటే మీకు మీ ఇంటి గోడ గుర్తుకు రాలేదా? కరెంటు మీటరు, దానికి వేసిన సీలు, నెలకొకసారి వచ్చి అంకె రాసుకుపోయే మనిషి, పాత అంకె తీసివేత, బిల్లు. బిల్లు ఎక్కువ వచ్చిందని మనం చేసే గొడవ కూడా కొత్తదేం కాదు. కార్న్‌వాల్‌లో అదే జరిగింది. అంకె తప్పని కాదు వారి వాదన. ఊపుల లెక్క సరే, కాని పోల్చడానికి తీసుకున్న పాత యంత్రం మరీ పాతది కాదా? గనిలో రాగి పడక నష్టం వచ్చిన సంవత్సరం కూడా మేము కాల్చని బొగ్గుకు డబ్బు ఎందుకు కట్టాలి? ఈ ప్రశ్నలకు పెట్టెలోని చక్రాలు జవాబు చెప్పవు. నా ఉద్దేశ్యంలో ఇక్కడ గనివారి పక్షాన కూడా కొంత న్యాయం వుంది. సరిగ్గా లెక్కపెట్టడం వేరు, దేన్ని లెక్కపెట్టాలో ఇద్దరూ కలిసి ఒప్పుకోవడం వేరు. మొదటిది యంత్రం చేయగలదు. రెండవది మనుషులే కూర్చుని తేల్చుకోవాలి. చివరకు చాలా గనులలో ఊపుల లెక్క మానుకుని ఏడాదికి ఇంత అని స్థిరమైన మొత్తానికి రాజీపడ్డారు.

ఈ హిసాబుల గొడవ వాట్‌కు పరమ అసహ్యం. బేరాలాడటం చేతకాదు, మనుషులతో వాదిస్తే తలనొప్పి తిరగబెట్టేది, రోజుల తరబడి నిరుత్సాహంలో పడిపోయేవాడు. బోల్టన్ ఉల్లాసమైన మనిషి. ఆయన ధైర్యం చెప్పి నిలబెట్టకపోతే ఈయన ఏనాడో వదిలేసి వుండేవాడేమో. 1776లో పెళ్ళాడిన రెండవ భార్య ఆన్ మాక్‌గ్రెగర్ ఇంటి వ్యవహారం గట్టిగా నడిపింది. కార్న్‌వాల్‌లో కంపెనీ తరఫున విలియం మర్డాక్ అనే స్కాట్లాండు యువకుడు యంత్రాలన్నీ చూసుకునేవాడు, అవసరమైతే చేయి చేసుకునేవాడు కూడా. ఇన్ని ఉత్తరాలు, ఇన్ని లెక్కలు నకలు రాయలేక 1780లో వాట్ ఉత్తరాలకు నకలు తీసే ప్రెస్సును కూడా కనిపెట్టాడంటే అర్థం చేసుకోండి.

యంత్రం లోపలి సంగతి బయటికి తెలియడానికి ఆయన పెట్టిన ఏర్పాట్లు మరికొన్ని వున్నాయి. ఆవిరి పీడనం చూడటానికి యు ఆకారంలో వంచిన ఇనుప గొట్టంలో పాదరసం పోశారు. ఒక కొసన ఆవిరి నొక్కుతుంది, రెండో కొసన పాదరసం పైకి లేస్తుంది. ఇనుప గొట్టంలోంచి పాదరసం కనిపించదు గనుక దాని మీద తేలే సన్నని పుల్ల పెట్టారు. పుల్ల ఒక అంగుళం లేచిందంటే రెండు కొసలకూ తేడా రెండంగుళాలు, అంటే చదరపు అంగుళానికి దాదాపు ఒక పౌను పీడనం. వాట్ యంత్రాలు గాలి పీడనం కంటే కొద్ది పౌన్లు మాత్రమే ఎక్కువ ఆవిరితో నడిచేవి గనుక ఆ పుల్ల చాలింది. చల్లార్చే పాత్రలో శూన్యం ఎంత బాగా ఏర్పడిందో చూడటానికి భారమితి లాంటి పాదరసపు గొట్టం. బాయిలరులో నీరు తగ్గితే దానంతట అదే నింపుకోవడానికి ఒక రాయి! నవ్వకండి. నీటి మట్టంలో ఒక రాతి పలకను తీగతో వేలాడదీసి, తీగ రెండో కొసన తులాదండం మీద సరిపోయే బరువు పెడతారు. నీరు దిగితే రాయి దిగుతుంది, తులాదండం వంగి నీటి కవాటం తెరుచుకుంటుంది. మట్టం చేరితే మూసుకుంటుంది. తేలే వస్తువుతో కవాటాన్ని ఆడించడం చాలా పాత యుక్తి. క్రీస్తు పూర్వమే అలెగ్జాండ్రియాలో నీటి గడియారాలకు వాడారు. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో బనూ మూసా సోదరులు ముగ్గురూ తమ చిత్ర యంత్రాల గ్రంథంలో ఇలాంటి కవాటాలతో తమాషా పాత్రలు ఎన్నో వర్ణించారు. అయితే అవి దర్బారు వినోదానికి, ఇది కార్ఖానా పనికి.

1780ల నాటికి నీళ్ళు తోడటమే గాక చక్రం తిప్పే యంత్రాలు కావాలని మిల్లుల వాళ్ళు అడగసాగారు. వాట్ అవీ చేశాడు. వీటికి కాలని బొగ్గు లెక్క పనికిరాదు. ఎందుకంటే మిల్లులో అంతకు ముందున్నది న్యూకొమెన్ యంత్రం కాదు, గుర్రాలు. అందుకని ఒక గుర్రం నిమిషానికి 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తుకు లేపే పని చేస్తుందని నిర్ణయించి, ఒక హార్స్‌పవరుకు ఏడాదికి 5 పౌన్ల పైకం, లండన్‌లో అయితే 6 పౌన్లు అని ధర కట్టారు. ఈనాటికీ మన బావి మోటార్లను మూడు హార్స్‌పవరు, అయిదు హార్స్‌పవరు అని అమ్ముతున్నారు.

మిల్లులో కొత్త సమస్య వచ్చింది. పంపు కాస్త వేగంగా ఊగినా నెమ్మదిగా ఊగినా నష్టం లేదు. నూలు మిల్లులో వేగం మారితే దారం తెగిపోతుంది. పది మగ్గాలు ఒక్కసారి ఆపితే బరువు తగ్గి యంత్రం పరుగెత్తుతుంది. ఎవరో ఒకరు ఆవిరి కవాటం మీద చేయి వేసి రోజంతా నిలబడాలి. లండన్‌లో బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన దగ్గర ఆల్బియన్ మిల్లు అనే పెద్ద పిండిమిల్లులో వాట్ యంత్రాలు పెట్టారు. అక్కడ తిరగలి రాళ్ళ మధ్య సందును సరిచేయడానికి, తిరిగే ఇనుప గుండ్లతో ఒక ఏర్పాటు వున్నది. గాలిమరల వాళ్ళ దగ్గర అలాంటిది అంతకు ముందే వుంది. 1788లో బోల్టన్ దాన్ని చూసి వాట్‌కు జాబు రాశాడు. వాట్ వెంటనే పట్టుకున్నాడు. రాళ్ళ సందుకు బదులు ఆవిరి కవాటానికి దాన్ని కలిపితే?

గవర్నరు అనబడే ఆ పరికరాన్ని ఇలా ఊహించుకోండి. నిలువుగా తిరిగే ఒక కడ్డీ. దానికి రెండు పక్కలా మడత చేతులు, చేతుల చివర రెండు బరువైన గుండ్లు. పిల్లలు చేతులు చాచి గిరగిర తిరిగేటప్పుడు చేతులు బయటికి లాగుతాయి చూడండి, అదే సూత్రం. యంత్రం వేగం హెచ్చితే గుండ్లు బయటికి, పైకి లేస్తాయి. ఆ కదలిక ఒక మీట ద్వారా ఆవిరి కవాటాన్ని కొంచెం మూస్తుంది. వేగం తగ్గితే గుండ్లు కిందికి వాలుతాయి, కవాటం కొంచెం తెరుచుకుంటుంది. కొలిచేదీ అదే, సరిదిద్దేదీ అదే. మధ్యలో మనిషి లేడు. గుండ్లను చూస్తే చాలు, యంత్రం ఎంత వేగంలో వున్నదో గది అవతలి నుంచే తెలిసిపోతుంది కూడాను.

దీనిలో ఒక లోపం వున్నది, అది తెలుసుకోదగ్గది. మిల్లు మీద బరువు పెరిగిందనుకోండి. ఎక్కువ ఆవిరి కావాలి, కవాటం ఎక్కువ తెరిచి వుండాలి. అది తెరిచి వుండాలంటే గుండ్లు కాస్త కిందనే వుండాలి. కింద వుండాలంటే వేగం మొదటికంటే కాస్త తక్కువగానే నిలవాలి. అంటే గవర్నరు వేగాన్ని సరిగ్గా పాత చోటికి తేలేదు, దాదాపుగా తెస్తుంది. మరీ చురుకుగా బిగిస్తే ఇంకో జబ్బు: ఎక్కువ మూస్తుంది, ఎక్కువ తెరుస్తుంది, యంత్రం ఎగిసిపడుతూ వుంటుంది. ఎందుకిలా జరుగుతుందో గణితం ద్వారా విడమరచి రాసినవాడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్, 1868లో. ఇప్పటి కంట్రోలర్లు మొదటి లోపాన్ని ఎలా పోగొడతాయంటే, ఇప్పుడున్న తేడాను మాత్రమే గాక ఎంతసేపటి నుంచి ఎంత తేడా పేరుకున్నదో కూడా జమకట్టి కవాటాన్ని కదుపుతాయి. ఆ పేరుకున్న బాకీ తీరేదాకా ఊరుకోవు.

వాట్ గవర్నరుకు పేటెంటు తీసుకోలేదు. మూల యుక్తి తనది కాదు గనుక తీసుకోవడం కుదరదని ఆయనకు తెలుసు.

ఇక ఇండికేటరు. 1790 ప్రాంతంలో వాట్ చిన్న సిలిండరు ఒకటి, అందులో చిన్న పిస్టన్, దానికొక స్ప్రింగు, ఒక ముల్లు అమర్చి పెద్ద సిలిండరుకు తగిలించాడు. లోపల పీడనం మారిన కొద్దీ ముల్లు లేస్తుంది, పడుతుంది. కాని యంత్రం కదిలే వేగానికి ముల్లును కన్ను పట్టుకోలేదు. ఆయన సహాయకుడు జాన్ సదరన్ 1796లో ముల్లుకు పెన్సిల్ కట్టి, కాగితం అతికించిన పలకను పిస్టన్‌తోపాటు అటూ ఇటూ కదిలేటట్టు చేశాడు. పెన్సిల్ పీడనాన్ని నిలువుగా, కాగితం ప్రయాణాన్ని అడ్డంగా గీస్తాయి. ఒక ఊపు పూర్తయ్యేసరికి కాగితం మీద ఒక మూసిన ఆకారం. దాని వైశాల్యమే ఆ ఊపులో ఆవిరి చేసిన పని! ఆకారం ఒక మూల నొక్కుకుపోతే కవాటం ఆలస్యంగా తెరుచుకుంటున్నదని, ఇంకో చోట జారితే పిస్టన్ పక్కనుంచి ఆవిరి కారుతున్నదని చదువుకోవచ్చు. డాక్టరు ఇ.సి.జి. కాగితం చూసి గుండె సంగతి చెప్పినట్టు, సిలిండరు విప్పకుండా జబ్బు చెప్పవచ్చు.

ఇంత గొప్ప సాధనాన్ని కంపెనీ ఏం చేసింది? దాచిపెట్టింది. తమ మనుషులకు తప్ప ఎవరికీ చూపలేదు. వాట్ పోయాక 1820లలో గాని దాని వివరాలు బయటి ఇంజనీర్లకు అందలేదు. గనివారి ఊపులు లెక్కపెట్టడానికి తాళం పెట్టె పెట్టిన మనిషి, తన యంత్రం ఎంత పనిచేస్తున్నదో నిజంగా చెప్పే పనిముట్టును మాత్రం తన బీరువాలో వుంచుకున్నాడు. వ్యాపారం అంటే అంతే అని కొందరు సరిపెట్టుకుంటారు. నాకు మాత్రం ఇది వాట్ జీవితంలో చిన్న మచ్చగానే తోస్తుంది. పేటెంటు విషయంలోనూ ఆయన కఠినుడే. ఆవిరిని రెండు సిలిండర్లలో వాడుకునే యంత్రం చేసిన జొనాథన్ హార్న్‌బ్లోయర్ మొదలైన వారి మీద దావాలు ఏళ్ళ తరబడి నడిచి, 1799లో కంపెనీ పక్షాన తీర్పు వచ్చింది. మరుసటి సంవత్సరమే పేటెంటు గడువు తీరిపోయింది. కార్న్‌వాల్ గనులు చెల్లింపులు ఆపేశాయి. రిచర్డ్ ట్రెవితిక్ వంటి వారు అధిక పీడన యంత్రాలతో ముందుకు వచ్చారు. అధిక పీడనం ప్రాణాలకు ముప్పని వాట్ చివరిదాకా వ్యతిరేకించాడు.

1800లో వాట్ వ్యాపారం కొడుకులకు అప్పగించి తప్పుకున్నాడు. అప్పటికే కూతురు జెస్సీ పోయింది. ఎంతో తెలివైన కొడుకు గ్రెగరీ 1804లో క్షయతో పోయాడు. బోల్టన్ 1809లో పోయాడు. వాట్ హీత్‌ఫీల్డ్‌లోని ఇంట్లో కప్పు కింద గదిలో పనిముట్లు పెట్టుకుని, శిల్పాలకు నకళ్ళు చెక్కే మరను సవరిస్తూ కాలం గడిపాడు. చిత్రమేమిటంటే జీవితాంతం వేధించిన తలనొప్పి ముసలితనంలో తగ్గింది. బిరుదు ఇస్తామంటే వద్దన్నాడు. 1819 ఆగస్టు 25న 83 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. హాండ్స్‌వర్త్ చర్చిలో బోల్టన్ సమాధి వున్నచోటే ఆయన్నూ ఖననం చేశారు.

తరువాతి వాళ్ళు ఆ పనిని ముందుకు తీసుకుపోయారు. 1849లో ఫ్రాన్సులో యూజీన్ బూర్డాన్ వంపు తిరిగిన పలచని గొట్టంతో గుండ్రని పీడన మీటరు చేశాడు. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్ల మీద కనిపించే ముల్లు మీటరు ఆ జాతిదే. 1882లో విలియం సీమెన్స్ ప్రతిపాదన మీద విద్యుత్ సామర్థ్యానికి ప్రమాణంగా వాట్ పేరు పెట్టారు. హార్స్‌పవరు పెట్టినవాడి పేరే హార్స్‌పవరుకు పోటీ అయి కూర్చున్నది. ఒక హార్స్‌పవరు దాదాపు 746 వాట్లు. మన కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్లు ఒక గంట.

హీత్‌ఫీల్డ్ ఇంటి పైగదిని ఆయన పోయిన తరువాత తాళం వేసి దాదాపు అలాగే వుంచారు. 1924లో దానిలోని సామానంతా లండన్ సైన్సు మ్యూజియానికి చేర్చారు. 1788లో సోహో కార్ఖానాలో వాట్ గవర్నరు తగిలించిన యంత్రం కూడా అదే మ్యూజియంలో వున్నది. లోహాలకు మెరుగుపెట్టే 43 మరలను అది 70 సంవత్సరాలు తిప్పి 1858లో ఆగింది. ఇనుప గుండ్లు రెండూ ఇప్పటికీ దాని మీదనే వేలాడుతున్నాయి.